మూడో వరసలో ఎక్కిలి

చర్చి వదిలారంటే చాలు, అమెరికాలో సరస్సు ఒడ్డునున్న మిల్వాకీలో నార్బర్ట్ డోనట్ల కొట్టు నిండిపోతుంది. ఆ ఆదివారం ఎర్విన్ ద్రోజ్డ్ అందరికన్నా ముందే వచ్చి లొరెట్టా ఎదురుగా కుర్చీ పట్టేశాడు. పేట ఊరేగింపులో ముందు నడిచే టాపులేని కారులో ఈ ఏడు ఎవర్ని కూర్చోబెట్టాలో తేల్చేది ఆవిడే. డెబ్భై అయిదేళ్ళొచ్చాయి, ఒక్కసారైనా ఆ కారెక్కి చెయ్యి ఊపకుండానే పోతానేమోనని ఎర్విన్‌కు లోలోపల ఒకటే బెంగ.

"ఎక్కిళ్ళ పాట తెలుసుగా లొరెట్టమ్మా? రెండు ముక్కల పాట, మిగతాదంతా ఎక్కిళ్ళే. రికార్డేస్తే పట్టించుకున్న నాథుడు లేడు. అలాంటిది టీవీ కామెడీలో ఒక్కసారి పాడేసరికి దేశమంతా అందుకుంది. ఎవరివల్లనుకున్నావ్? నేను చేసింది పెద్దేం లేదులే. చికాగోలో షూటింగ్ చూడ్డానికెళ్ళి జనంలో మూడో వరసలో కూర్చున్నా. పాటగాడు నోరు తెరిచాడు, ఒక్కడు నవ్వితే ఒట్టు, సరిగ్గా అప్పుడే నాకు ఎక్కిలొచ్చింది. అంతే, హాలంతా గొల్లున నవ్వింది!"

"ఒక్క ఎక్కిలికేనా?" అన్నాడు నార్బర్ట్ కాఫీ పోస్తూ.

"నా ఎక్కిలంటే ఏమనుకున్నావ్ మరి! ముందు వరసలో ఒకావిడ పెట్టుడు జుట్టు ఎగిరెళ్ళి డ్రమ్ములవాడి నెత్తిన పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కుర్చీలు వరసకి వరస వెల్లకిలా పడ్డాయి, నాది తప్ప. ఆ నవ్వుకి సరస్సు మీద మంచు చికాగో నుంచి మన మిల్వాకీ దాకా ఫెళఫెళా పగిలింది! చేపలు గట్టెక్కి గిలగిలా కొట్టుకుంటుంటే బకెట్లతో ఎత్తుకొచ్చారు. ఆ ఏడు మన చర్చిలో శుక్రవారం శుక్రవారం అమ్మే చేపల వేపుడు మూడు వారాలు ఊరికే పెట్టారు, గుర్తులేదూ?"

"నాకప్పటికి పళ్ళు రాలేదు బాబాయ్," అన్నాడు నార్బర్ట్.

లొరెట్టా పెన్ను మూత తీసింది. ఎర్విన్‌కు ప్రాణం లేచొచ్చింది.

మూల కుర్చీలో స్వెట్టర్ అల్లుకుంటున్న ఇర్మా తలెత్తింది. నార్బర్ట్ మేనత్త, చికాగో నుంచి చుట్టపుచూపుగా వచ్చింది.

"మూడో వరసన్నారు కదండీ?"

"మూడో వరస, నట్టనడిమి కుర్చీ!"

"ఆ షోలో నేను పదకొండేళ్ళు పనిచేశాను. అక్కడ కుర్చీలే లేవు. చూడ్డానికి ఎవర్నీ రానిచ్చేవాళ్ళం కాదు. ఎప్పుడో రికార్డు చేసిపెట్టిన నవ్వులన్నీ ఒక పెట్టెలో ఉండేవి. ఎక్కడ నవ్వాలో అక్కడ నేనే మీట నొక్కేదాన్ని. ఆ పాటకి కాస్త ఎక్కువసేపు నొక్కాను."

కొట్టంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఎర్విన్ చెవులు ఎర్రబడ్డాయి. పాపం, యాభై ఏళ్ళుగా టీవీలో ఆ నవ్వు వింటూ, నవ్వుంది గనక జనం కూడా ఉండే ఉంటారనుకున్నాడు. కారు చేజారినట్టేనని తెలిసి తల వంచుకున్నాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"అయితే ఈ ఏడు మీ పేరే రాస్తానండీ," అంది లొరెట్టా ఇర్మాతో.

ఇర్మా ఎర్విన్ వంక చూసింది. "నాకెందుకు తల్లీ, ఆయన్నే ఎక్కించు. వెనక సీట్లో నేను కూర్చుంటాలే. జనం నవ్వకపోతే మీట నొక్కడానికి మనిషుండాలిగా."