వంతెన అవతలి కప్పు

తూర్పు స్లొవాకియాలో ఒక రోమాల వాడ, పై వీధి, గడ్డకట్టిన శీతాకాలపు మధ్యాహ్నం. కమ్మరి కొలోమాన్ మంచం పక్కన భార్య షారొల్టా నిలబడి ఉంది. వంతెన అవతలి నుంచి వచ్చిన ఆరోగ్య కార్యకర్త విల్మా కోటు విప్పకుండా మంచం దగ్గరికి వచ్చింది.

"దుప్పటి తియ్యి బాబాయ్, కాలు చూస్తాను."

"చూడ్డానికేముంది విల్మా? అందరి కాలూ ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఐదు వేళ్ళు."

"ఐదా? నాకొక్కటీ కనబడటం లేదే. పులిసిన రొట్టెపిండిలా పొంగిపోయింది. పిన్నీ, ఎప్పటినుంచి ఇలా?"

"మొన్నటిదాకా బొటనవేలు ఒక్కటేనమ్మా. దుప్పటి అంచు తగిలినా అరిచేవాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాపు మోకాలిదాకా ఎక్కింది. ఇవాళ చూడు, కళ్ళ కింద కూడా—"

"నువ్వు నోరు ముయ్యి షారీ. బీరు పొంగు అది. దిగుతుంది."

"ఒంటికి పోతున్నావా బాబాయ్?"

"ఆడపిల్లవి, అడగాల్సిన మాటేనా అది?"

"అడగడమే నా ఉద్యోగం. పిన్నీ, నువ్వు చెప్పు."

"నిన్న పొద్దున పోయాడు. గరిటెడు. కాఫీ మడ్డి రంగు."

"షారీ! ఇంక వీధిలో దండోరా వెయ్యి."

"వేస్తాను. నువ్వు బతుకుతావంటే అదీ వేస్తాను. విల్మా, పడుకుంటే ఊపిరాడటం లేదు ఈయనకి. ఇలా గోడకి ఆనుకునే కునుకు తీస్తున్నాడు. గుండెలో ఏదో బుడగలు చిట్లుతున్నట్టు చప్పుడు."

"వింటూనే ఉన్నాను. బాబాయ్, పొద్దున పిన్ని చెప్పగానే డాక్టరమ్మకి చెప్పాను. కిడ్నీలు పనిచెయ్యడం మానేస్తున్నాయంది. ఇవాళే ఆసుపత్రిలో పడాలి. రేపు కాదు. అంబులెన్సుకి ఫోన్ చేసే వచ్చాను."

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"నేను, నేను చెయ్యమన్నాను కోలో."

"ఓహో. ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట. సరే, రానీ. గుమ్మంలోకి వస్తే అప్పుడు చూద్దాం."

"గుమ్మంలోకి రాదు కదా బాబాయ్. ఈ మంచులో బండి పైకి ఎక్కదు. వంతెన అవతలే ఆగుతుందట. ఎప్పుడొస్తుందో ఖచ్చితంగా చెప్పలేదు, గంట పట్టొచ్చు, రెండూ పట్టొచ్చు. అందుకని మీ అబ్బాయిలు నిన్ను తోపుడుబండి మీద దింపుతారు, వచ్చేదాకా మా ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుంటావు."

"ఎవరింట్లో?"

"మా ఇంట్లో."

"వంతెన మీద దింపండి. అక్కడే కూర్చుంటా."

"ఈ చలిలోనా? ఊపిరే అందని మనిషివి!"

"మన వీధి గేజాని కారు తెమ్మను."

"గేజా కారేసుకుని కొషిత్సె పట్నం వెళ్ళాడు కోలో. పొద్దున్నే వాళ్ళింటికి పరిగెత్తాను, లేడు."

"అయితే ఇంకో ఇల్లు చెప్పండి. ఏ ఇల్లయినా సరే."

"వంతెన దగ్గర మా ఇల్లు తప్ప ఇంకేముంది బాబాయ్?"

"అందుకే రానంటున్నాను. మా తాత తొక్కలేదు, మా నాన్న తొక్కలేదు ఆ గడప. నీ మీద నాకేం కోపం లేదమ్మాయ్. మంచిదానివే. కానీ మీవాళ్ళు చచ్చిన గుర్రాన్ని కోసుకుతిన్నారు."

"ఎప్పుడు? యుద్ధం రోజుల్లో, ఆకలికి. నేను గుర్రాన్ని టీవీలో తప్ప చూడలేదు. ఇంకా మమ్మల్ని ముట్టరానివాళ్ళంటే ఎలా?"

"నేనన్నానా? వీధి అంటుంది."

"వీధికి కిడ్నీలున్నాయా కోలో, ఆగిపోవడానికి?"

"నువ్వు ఆగవే. దానికీ నాకూ మధ్య మాట నడుస్తోంది."

"బాబాయ్, బడిలో రక్తం తీసిన రోజు గుర్తుందా? విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చి, మన వాడలోనూ తీశారు, ఊళ్ళో ఆ తెల్లవాళ్ళ దగ్గర, గాజోల దగ్గరా తీశారు."

"గుర్తుంది. మధ్యాహ్నందాకా పస్తుంచి రొట్టెముక్క చేతిలో పెట్టారు. గాజోల రక్తం వేరు, రోమాల రక్తం వేరు అనేగా పక్కపక్కన పెట్టి చూసుకున్నది?"

"ఏం తేలింది? నీ రక్తంలో యూరిక్ ఆసిడ్ ఎంతుందో పోస్ట్‌మాన్ హుడాక్ రక్తంలోనూ అంతే ఉంది. ఆయన గాజోనే. ఆయన బొటనవేలూ నీ బొటనవేల్లాగే ఏడిపించింది. ఆయన మాత్రలు వేసుకున్నాడు. ఇవాళ పొద్దున ఇంత మంచులో సంచి భుజాన వేసుకుని నాకు ఎదురొచ్చాడు."

"ఆయనకి పట్నం ఆసుపత్రిలో కుర్చీ వేస్తారు. మనల్ని గోడవార నిలబెట్టి, రేపు రమ్మంటారు."

"అందుకే కదా నేను డాక్టరమ్మని బతిమాలి నెలకోసారి ఇక్కడికి రప్పించింది! ఊళ్ళో గది దొరక్కపోతే మా ముందు గది ఊడ్చి బల్ల వేశాను. మీ వీధివాళ్ళు కూడా వస్తున్నారు, ముక్కు మూసుకునైనా. నువ్వొక్కడివే రాలేదు."

"నేను రాను."

"పోనీ అని నేనే మాత్రలు తెచ్చిస్తే పొయ్యిలో పడేశావు."

"సగం వీధి నా గుమ్మంలో నిలబడి చూస్తుంటే మింగమంటావా? ఎవరింటి నుంచి వచ్చాయో అందరికీ తెలుసు."

"మళ్ళీ తెద్దామంటే, రక్తం చూడందే ఇవ్వనంది డాక్టరమ్మ. చూపించుకోవడానికి నువ్వు రావు. ఇంట్లో తిండయినా—"

"తిండి సంగతి నేను చెబుతా విల్మా. నువ్వు పేగులు వద్దన్నావు, కాలేయం వద్దన్నావు, నేను మానేశాను. క్రిస్మస్ ముందు మా పిల్ల జానెట్టా పెళ్ళి మాటలకి పెళ్ళికొడుకు వాళ్ళింటికి వెళ్ళామా, బంగాళాదుంప కూరిన పంది పేగులు పెట్టారు. ఈయన నాలుగుసార్లు వేయించుకున్నాడు. అప్పటికే కాలు నేల మీద ఆనడం లేదు."

"కాదనమంటావా? కాబోయే వియ్యంకుడు వడ్డిస్తే పళ్ళెం జరిపేస్తే ఏమని అర్థం? మీ చెయ్యి శుభ్రం కాదు, మీరు మాతో సమానం కాదు అని మొహం మీద చెప్పడమే. పిల్ల పెళ్ళి అక్కడే తెగిపోయేది. ఒక ఇంట్లో కూర్చున్నాక, పెట్టింది తినాలి. తినలేనివాడు ఆ ఇంట్లో కూర్చోకూడదు. అంతే."

"అంతేనా? చచ్చినా సరేనా?"

"అరవకే. తల పగిలిపోతోంది."

"బాబాయ్, నీళ్ళు కావాలా?"

"వద్దు. ... కొంచెం లేపి కూర్చోబెట్టు షారీ. ఆఁ. అలా. చాలు."

"చూడు, మాట్లాడితేనే ఎలా ఎగపోస్తున్నావో. పద కోలో. అబ్బాయిలు కింద బండి పట్టుకుని నిలబడ్డారు. మరియమ్మ తల్లి మీద ఆన, పద."

"ఆ తల్లి పేరెత్తకు. ఆవిడ పటం ముందే ఒట్టు వేశాను, ఆ గడప తొక్కనని. వీధంతా విన్నది."

"ఏ దేవుడు తీసుకుంటాడు కోలో ఇలాంటి ఒట్టు? నేను పొద్దూ మాపూ ఆవిడకి మొక్కుతాను, నాకు మాత్రం అర్థం కాదు. పశువుల పాకలో బిడ్డని కన్న తల్లి ఆవిడ. ఆ పాక ఎవరిదని అడిగిందా? శుభ్రమైన వాళ్ళదేనా అని అడిగిందా?"

"నువ్వు ఫాదర్‌గారితో చెప్పు ఈ ప్రసంగం."

"పిన్నీ, టైము పోతోంది. అబ్బాయిల్ని పిలిచి ఎత్తించేద్దాం."

"ఎత్తించండి. ఆ గుమ్మంలో చేతులడ్డం పెడతాను. అక్కడే ప్రాణం వదిలేస్తాను. నన్ను పట్టి లోపలికి తొయ్యగల మగాడు మా వీధిలో ఇంకా పుట్టలేదు."

"విల్మా."

"ఏంటి పిన్నీ?"

"తలుపు వెయ్యి."

"ఇప్పుడు తలుపెందుకు—"

"వెయ్యమ్మా. గడియ పెట్టు. కోలో, ఇటు చూడు. గోడవైపు కాదు, నా వైపు. నన్ను కన్నది మా అమ్మ తెర్కా కాదు."

"ఏం వాగుతున్నావే?"

"పోయేముందు అమ్మే చెప్పింది. ఆవిడకి బిడ్డలు నిలవలేదు, పుట్టినవాళ్ళు పుట్టినట్టు పోయారు. వంతెన అవతల ఒకావిడకి అప్పటికే నలుగురు, ఆ చలికాలం పెట్టడానికి ఏమీ లేదు. నేను పుట్టిన రోజే కంబళిలో చుట్టి ఈ వీధికి ఇచ్చేసింది. తెర్కా తనే కన్నానంది. ఎవరూ అడగలేదు."

"ఎవరావిడ?"

"ఎటెలా."

"మా నానమ్మా? పిన్నీ, మా నానమ్మా?"

"మీ నాన్న నాకు తమ్ముడవుతాడు విల్మా. నీకు చిన్నప్పుడు వంతెన కమ్మీకి ఊలు మేజోళ్ళు తగిలించి పోయేది నేనే."

"అవి... అవి చర్చివాళ్ళు ఇచ్చారని చెప్పేది నానమ్మ."

"చెప్పక ఏం చేస్తుంది? విన్నావా కోలో? పెళ్ళైన నాటి నుంచి నువ్వు తింటున్నది ఆ ఇంటి చేతి కూడే. నీ కొడుకులిద్దరూ, జానెట్టా, అందరిలోనూ ఉన్నది ఆ ఇంటి రక్తమే. ఇంక ఆ గడప తొక్కితే కొత్తగా అంటుకునేదేముంది నీకు? నీ ఒట్టు ఎప్పుడో పోయింది. రేపు నన్ను తరిమెయ్యి. వీధిలోకి ఈడ్చి చెప్పు అందరికీ. నేనేమీ అనను. ఇవాళ మాత్రం బండెక్కు. తిట్టు. కొట్టు. అలా పటం వైపు చూస్తావేం?"

"బాబాయ్? వినబడుతోందా బాబాయ్?"

"విల్మా."

"ఆఁ, ఇక్కడే ఉన్నాను."

"మీ నానమ్మ ఇంకా చికోరీ కాఫీయేనా? దాల్చిన చెక్క వేసి, చక్కెర ఎక్కువ వేసి?"

"అదే... అదే పెడుతుంది. నీకెలా తెలుసు? మా ఇంట్లో నువ్వెప్పుడూ—"

"మా పెళ్ళినాడు వంతెన అవతల ఒకావిడ పొద్దున్నుంచీ నిలబడి ఉంది. బాజాలు మోగుతున్నాయి, అందరూ తాగి తైతక్కలాడుతున్నారు, ఎవరూ చూడలేదు. పాపం ఆకలితో ఉందేమో, పెళ్ళి కేకు ముక్క ఇద్దామని నేనే వెళ్ళాను. దగ్గరికెళ్ళి చూస్తే నీ మొహమే షారీ. కాస్త ముడతలు పడ్డ నీ మొహం."

"కోలో..."

"నేనేమీ అడగలేదు. ఆవిడా ఏమీ చెప్పలేదు. కేకు తీసుకుని చేతిరుమాలులో కట్టుకుంది. శాలువా కింద నుంచి కప్పు తీసి నాకిచ్చింది. అల్లుడికి ఇద్దామని తెచ్చుకుంది కాబోలు, అప్పటికే చల్లారిపోయింది. తాగేశాను."

"తెలుసా నీకు? మొదటినుంచీ తెలుసా? మరి నేను ఇన్నేళ్ళు నీ పక్కన పడుకుని, నిద్దట్లో ఏమైనా వాగుతానేమోనని—"

"ఆవిడకి జబ్బు చేసిన ఏడాది పొద్దస్తమానం ఉల్లిపాయలు తరిగి ఏడ్చేదానివి. ఒక్కరోజూ కూరలో ఉల్లిపాయ కనబడలేదు నాకు. తెలీదనుకున్నావా?"

"తెలిసీ... తెలిసీ ఆ గుమ్మానికి ఎందుకు వెళ్ళలేదు? డాక్టరు అక్కడ కూర్చుని ఉంటే, మాత్రలు అక్కడ ఉంటే, నా కన్నతల్లి ఇల్లని తెలిసి, ఎందుకు కోలో?"

"అది నీ కన్నతల్లి ఇల్లు కాబట్టే. మిగతావాళ్ళు వెళ్తారు, వాళ్ళకేం? కప్పు ముందు పెడితే కడుపులో బాగోలేదని జరిపేస్తారు. నేను జరపగలనా? పెళ్ళినాడు తాగినవాణ్ణి, ఇప్పుడు అల్లుడినై వెళ్ళి, నీ చెయ్యి శుభ్రం కాదని ఆ ముసలమ్మ మొహాన చెప్పనా? పోనీ తాగితే? గది నిండా మన వీధివాళ్ళు. గంటలో పై దాకా పాకుతుంది. కొలోమాన్ వాళ్ళింట్లో తాగాడు, ఎందుకు తాగాడు అంటారు. విల్మా మొహం చూస్తారు, నీ మొహం చూస్తారు. ముందు పెద్దాడి పెళ్ళి, తర్వాత చిన్నాడిది, ఇప్పుడు జానెట్టాది, మాట బయటపడితే ఏ సంబంధం నిలుస్తుంది? తాగలేను, తాగకుండా ఉండలేను. ఒట్టొకటి వేసేస్తే ఇంక ఎవరూ పిలవరనుకున్నాను."

"ఒక్క కప్పు కాఫీ కోసమా కోలో?"

"కప్పంటే చిన్నదా? ... సరే, చాల్లే. ఏడవకు. తలుపు తియ్యి విల్మా, అబ్బాయిల్ని రమ్మను. నువ్వు ముందు పరిగెత్తి ముసలమ్మకి చెప్పు, నేనొస్తున్నానని. కాఫీ పెట్టమను. ఇవాళ తాగేస్తాను. ఎవరు చూస్తే చూశారు. నువ్వూ మా పక్కన కూర్చుందువుగాని షారీ."

"బాబాయ్..."

"ఏమిటలా నిలబడ్డావ్? డాక్టరమ్మ నీళ్ళు కూడా తాగొద్దందా? ఒక్క గుక్కేలేవే."

"అది కాదు బాబాయ్. ముందే నోరు తెరిచి ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదా... డాక్టరమ్మ వచ్చే రోజు నానమ్మ ఎవరికీ కప్పు పెట్టదు. మొదటి నెల నుంచీ పెట్టలేదు. పాపం, కాదనడానికి వాళ్ళెంత ఇబ్బంది పడతారో అని, మీ వీధివాళ్ళు రాకముందే కప్పులన్నీ ఏరి మంచం కింద దాచేస్తుంది."