రెండో ఠక్కు

ఆ కరెంటు పెట్టె మూత మెల్లగా తియ్యమ్మా యోహానా, బిగుసుకుపోయి ఉంటుంది. ఏమిటలా చూస్తున్నావు? తీగలా? దువ్వి జడ అల్లినట్టున్నాయి కదూ! అది స్క్లెనార్ గారి చేతి పని. హినెక్ స్క్లెనార్. ఆయన పోయి పదిహేడేళ్ళయింది. ఇది మా అక్క లుద్వికా ఇల్లు. నేను పక్కింటివాణ్ణి. బావ పోయాక అక్క ఒక్కతే ఉండేది. ఒక యేడు ఇంటిని వెచ్చబెట్టే బొగ్గు పొయ్యి పీకించేసి, ఇదిగో, లోపల ఇటుకలు కాగే ఈ కరెంటు పొయ్యి స్క్లెనార్ గారి చేత పెట్టించింది. చవక కరెంటు వేళల్లో ఇటుకలు కాగాలి, తక్కిన పొద్దంతా ఆ వేడే ఇంటిని కాచుకోవాలి. ఆ వేళ మన చేతిలో లేదాయె, కరెంటు ఆఫీసువాళ్ళు తీగ వెంట కబురంపాలి. కబురందగానే చిన్న పెట్టె టిక్కంటుంది. దాని మాట విని పెద్ద స్విచ్చి ఠక్కంటుంది. అప్పుడు పొయ్యి అందుకుంటుంది. కరెంటు పని చేసే నీకు చెబుతున్నాను చూడు, తాతకు దగ్గులు నేర్పినట్టు!

స్క్లెనార్ గారికొక నియమం ఉండేది. ఆ రెండో ఠక్కు తన చెవులారా వింటే తప్ప కాగితం మీద సంతకం పెట్టడు. "చేత్తో నొక్కి చూడరాదటయ్యా?" అని ఎవరైనా అంటే, "మీ ఆవిడకు నువ్వే చక్కిలిగింత పెట్టి, 'నన్ను చూసి మురిసి నవ్వింది' అని చెప్పుకుంటావా?" అనేవాడు. అందుచేత ఏ యింట పని చేసినా కబురు వచ్చేదాకా అక్కడే కూర్చుని, వాళ్ళు పెట్టింది తినేవాడు. యాభై నిండినా పెళ్ళి మాట ఎత్తని మనిషి మరి.

సరే, మొదటిరోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు చిన్నది టిక్కంది. పెద్దది పలకలేదు. ఆయన గడ్డం నిమురుకుని, "రేపు చూద్దామమ్మా" అన్నాడు. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. మొదటిరోజు క్యాబేజీ పులుసు, రెండోరోజు పంది మాంసం వేపుడు, మూడోరోజు ఆల్‌బుఖారా పళ్ళు పొదిగిన పిండి ఉండలు, పైన గసాలు, కరిగిన వెన్న! సొంత తమ్ముణ్ణి, నాకు ఏడాదికొకసారి దక్కే భాగ్యం. అక్టోబరు చలి. పాత పొయ్యి లేదు, కొత్తది కాగదు. మా అక్క రెండు కోట్లు తొడుక్కుని వంట చేస్తోంది. సూపు చల్లారితే ఊరంతా వినేట్టు తిట్టే మనిషి, పల్లెత్తు మాటనదు! అది చూసైనా నాకు బుద్ధి రావాలా, వద్దా?

రాలేదు. పాపం, పెద్దాయనకు చూపు మందగించింది కాబోలు అనుకున్నాను. నాలుగోరోజు పొద్దున అక్క కొట్టుకు వెళ్ళిన వేళ, మెయిన్ దించి మూత తీద్దును కదా, పెద్ద స్విచ్చికి వెళ్ళే సన్న తీగ దగ్గర మర వదులుగా ఉంది. ముప్ఫయ్యేళ్ళు చెయ్యి తిరిగినవాడు వదిలేసే మర కాదమ్మా అది! నేను బిగించేశాను. ఎవరికీ చెప్పకుండా, ఘనకార్యం చేసినవాడిలా అక్క ఇంటనే భోజనానికి కూర్చున్నాను.

ఒంటిగంటన్నర. టిక్. ఠక్! గోడ అదిరింది. ఆయన చేతిలో ఫోర్కు గాలిలోనే ఆగిపోయింది. అక్క నావైపు చూసిన చూపుంది చూశావూ, ఇటుకలు కాగడానికి అదే చాలు. ఆయన లేచాడు. ఒక్కొక్క పనిముట్టే తుడిచి తుడిచి సంచిలో సర్దుకున్నాడు. సంతకం పెట్టాడు. "ఇక... పని అయిపోయిందమ్మా" అని, తలుపు దగ్గర టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. ఆ గడప దాటితే మళ్ళీ రావడానికి ఆయనకు సాకు లేదు, పిలవడానికి మా అక్కకూ లేదు.

అప్పుడు అక్క, "మరి వేన్నీళ్ళ బాయిలర్‌కు ఎప్పుడు కలుపుతారు?" అంది.

"మనకు బాయిలర్ ఎక్కడిదే అక్కా?" అన్నాను. బల్ల కింద నా పాదం నలిగిపోయింది.

"వీడి మాటకేం గానీ, కొనబోతున్నాను."

"మీకెందుకు శ్రమ, నేను తెస్తాను" అన్నాడాయన.

మర్నాడే బండి మీద తెచ్చాడు. ఒంటరి మనిషికి యాభై లీటర్లది సరిపోతుంది. ఈయన తెచ్చింది నూట అరవై లీటర్లది! నలుగురు పడితే గాని దిగలేదు. అక్క దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇన్ని నీళ్ళు నేనొక్కదాన్నీ ఏం చేసుకోనండీ?" అంది.

ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. "ఒక్కరికని తేలేదు" అన్నాడు.

నేనప్పుడైనా ఊరుకున్నానా? "అయ్యో, నాకోసమైతే వద్దండీ, నేను మా ఇంట్లోనే స్నానం చేస్తాను" అన్నాను.

...అదేమిటమ్మా, నా తెలివికి నవ్వుతూ పని ఆపేశావు? కానివ్వు, కానివ్వు. టీలో నిమ్మరసం పిండమంటావా?