ఖాసిం బిగించిన ట్రాక్టరు ఫ్యాను

నందిగామలో చందర్లపాడు రోడ్డు మొదట్లో ముంతాజ్ గారి టీ కొట్టుంది. దాన్ని ఆనుకునే ఖాసిం రిపేరు షాపు. ఖాసిం షాపులో కంటే టీ కొట్టు బల్ల మీదే ఎక్కువ దొరుకుతాడు. ఫోన్లు, టీవీలు, మిక్సీలు, గేమ్ బాక్సులు అన్నీ చూస్తాడు. చూడటం వేరు, బాగుచెయ్యడం వేరు అని ముంతాజ్ గారంటారు గానీ, అతను పనిమంతుడు కాదని నేననను. చేతికంటే నోరు ముందు పరిగెడుతుంది, అంతే.

ఆ రోజు మా అమ్మని వెంటబెట్టుకుని వెళ్లా. అమ్మ పేరు రత్నమణి. ఆమె ఒళ్లో సంచి, సంచిలో టీవీకి పెట్టి ఆడుకునే మా గేమ్ బాక్సు. అది మా అమ్మాయి గ్రేసీ కోసం కొన్నది. గ్రేసీ హాస్టలుకి వెళ్తూ వెళ్తూ నాయనమ్మకి బటన్లు నేర్పి పోయింది. అందులో ఒక పొలం ఆట ఉంది. అమ్మ జన్మంతా పరాయి వాళ్ల మిరప చేలల్లో, పత్తి చేలల్లో కూలికెళ్లిన మనిషి. ఇప్పుడు ఆ ఆటలో ఆమెకి సొంత పొలం, సొంత ట్రాక్టరు, పాడి ఆవులు, కోతకొచ్చిన మొక్కజొన్న. ఆదివారం చర్చి నుంచి రాగానే చీరైనా మార్చుకోకుండా ఆవులకి మేత వేస్తుంది. ఆమెని అట్టా చూస్తుంటే నాకెంత సంతోషమో చెప్పలేను.

అట్టాంటి బాక్సు ఈమధ్య ఆన్ చేసిన కాసేపటికే ఆగిపోతోంది. సంగతి వినగానే, సంచి విప్పకముందే, ఖాసిం తేల్చేశాడు.

"పాత డిస్కు పీకి పారేసి కొత్తది వేస్తే సరి. పనిలో పని, అప్‌గ్రేడు కూడా అయిపోద్ది."

"డిస్కు పీకితే నా పొలం ఉంటదా నాయనా?" అంది అమ్మ.

"కొత్త పొలం మొదలెట్టుకోవచ్చు పెద్దమ్మా."

అమ్మ సంచిని దగ్గరికి లాక్కుంది. తన పొలానికి ఏమీ కాదంటేనే బాక్సు ఇస్తానంది. లేదంటే బస్సెక్కి విజయవాడ పోదాం పదమంది. విజయవాడ పేరెత్తితే ఖాసింకి ఒళ్లు మంట. గ్లాసు పక్కన పెట్టి, కాళ్లు మడిచి బల్ల మీద పెట్టుకున్నాడు. ఇంక మొదలైందని ముంతాజ్ గారికి అర్థమై పొయ్యి మంట తగ్గించారు. ఫోనుకి స్క్రీన్ గార్డు వేయించుకోడానికి ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ఎండకి కళ్లు మాత్రం కనబడేట్టు మొహమంతా చున్నీ చుట్టేసుకుంది. తన వంతు ఇప్పట్లో రాదని తెలుసుకుని బల్ల చివర కూర్చుంది.

"విజయవాడ అంటున్నారు గదా మాస్టారు, ఆ విజయవాడ వాళ్లు చేతులెత్తేసిన కేసు ఒకటి చెప్తా వినండి. జగ్గయ్యపేటలో ఒకళ్లింట్లో బాక్సు. అచ్చం మీ బాక్సు రోగమే. కాసేపు ఆడి టప్పున ఆగిపోద్ది. ఇద్దరు మెకానిక్కులు చూసి, దీని పని అయిపోయింది, పాత సామాన్లకి వేసెయ్యండి అన్నారంట. ఆఖరికి నాకు ఫోను. వెళ్లా. ఊరికే ఇట్టా చెవి ఆనించా. లోపల మూలుగుతోంది. జ్వరం అన్నా. ఎవరికండీ అన్నారు వాళ్లు. బాక్సుకి అన్నా."

"మాత్ర వేశావా?" అన్నారు ముంతాజ్ గారు.

"వినక్కా. మూత తీశా. లోపలేముందో తెలుసా? కారం! పక్క గదిలోనే మిరపకాయ టిక్కీ బస్తాలు కప్పు దాకా పేర్చారు, ఆ ఘాటంతా ఫ్యాను పీల్చి పీల్చి లోపల కడుపులో దాచుకుంది. బ్రష్షు పెట్టి ఇట్టా అన్నానో లేదో, నాకు తుమ్ము. ఇంట్లో వాళ్లకి తుమ్ము. సందు సందంతా తుమ్ములు. రోడ్డు మీద పోయే బస్సు కూడా ఆగిపోయింది, డ్రైవరు తుమ్ముతున్నాడా, కండక్టరు తుమ్ముతున్నాడా, టిక్కెట్లన్నీ గాల్లోనే! ఆ కారం ఊడ్చి పోగేస్తే, మీరు నమ్మరు, వాళ్లు ఆ ఏడు ఆవకాయకి వేరే కారం కొట్టించలా."

"ఆవకాయలో స్క్రూలు రాలేదా అన్నా?" అంది స్కూటీ అమ్మాయి.

"రావు చెల్లెమ్మా. స్క్రూలు విప్పినవి విప్పినట్టు నా జేబులో వేసుకుంటా. నా పద్ధతి నాది."

మా ఇంట్లోనూ మిరపకాయలుంటాయి కాబట్టి అమ్మకి ఈ ముక్క పట్టింది. "కారం పోయాక బాగైందా నాయనా?" అని అడిగింది.

"బాగైంది పెద్దమ్మా. ఇంకొకడైతే అక్కడితో చేతులు కడుక్కుని పోయేవాడు. నేను పోలా. ఫ్యాను చూశా, అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది, పేట ఎండలకి ఇది ఆనుద్దా? వాళ్ల కూలర్‌లో ఫ్యాను ఊడబీకి దీనికి బిగించా. అదీ ఆనలా. మా తోడల్లుడి ట్రాక్టరు రేడియేటరు ఫ్యాను తెప్పించా. బిగించి స్విచ్చేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బాక్సు బల్ల మీంచి లేచింది! మెల్లగా, వయ్యారంగా, శ్లాబు దాకా. ఇంట్లో వాళ్లందరం వేళ్లాడితే గానీ దిగలా. నవారు మంచం విప్పి, ఆ నవారుతో దాన్ని కిటికీ ఊచలకి కట్టిపడేశా. ఇంక చూసుకోండి చల్లదనం! మే నెల, బయట రోడ్డు మీద తారు కరిగి చెప్పులకంటుకుంటోంది, ఈ సందులో జనం మాత్రం రగ్గులు కప్పుకుని కూర్చున్నారు. పుల్ల ఐసు బండి అతను వచ్చి, తన డబ్బా మన ఫ్యానుకి ఎదురుగా పెట్టుకుని, అక్కడికక్కడ ఐసు గడ్డ కట్టించుకుని పోయాడు."

"ఏ సందు అన్నా అది?" అంది స్కూటీ అమ్మాయి.

"బస్టాండు వెనక సందు. నీలం గేటు ఇల్లు, గేటు మీద రెండు హంస బొమ్మలు. అడ్రసు లేకుండా మాట్లాడే మనిషిని కాదు చెల్లెమ్మా, కావాలంటే పోయి అడుగు."

హంస బొమ్మలతో సహా చెప్పేసరికి నాక్కూడా కొంచెం నమ్మకం కుదిరింది. ఫ్యాను సంగతి ఎట్టా ఉన్నా, బాక్సయితే బాగుచేసే ఉంటాడు. అమ్మ కూడా సంచి మీద పట్టు కాస్త వదులు చేసింది. ఖాసిం కన్ను ఆ సంచి మీదే ఉంది, ఇంకా ముందుకి జరిగి కూర్చున్నాడు.

"ఇక మెమొరీ. సందులో ప్రతి ఇంటికీ వెళ్లి పాత ఫోన్లలో మెమొరీ కార్డులన్నీ అడిగి తెచ్చి, పూలు గుచ్చినట్టు వరసగా గుచ్చి లోపల పెట్టా. వాటిల్లో ఎవరెవరి పెళ్లి వీడియోలున్నాయో, ఏ రోడ్డు ఫోటోలున్నాయో, ఊళ్లకి ఊళ్లే ఆటలోకి ఎక్కేశాయి. కార్ల ఆట పెట్టాం. చూస్తే ఏముంది, మన హైవే! చిల్లకల్లు దాటింది, నందిగామ దాటింది, కీసర టోల్ గేటు దగ్గరికొచ్చేసింది. ఆడే మనిషి పేటలో మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఉన్నాడు, ఇక్కడ కీసరలో నిజం గేటు లేచింది! కారు ఎవరికీ కనబడలా, గాలి మాత్రం రయ్యిన పోయింది. జామకాయలమ్మే ఆవిడ గంప దొర్లిపోయింది. కావాలంటే ఆవిడనే అడగండి."

"ఆవిడ అడ్రసు కూడా చెప్పు మరి" అన్నారు ముంతాజ్ గారు.

"టోల్ గేటు దగ్గర జామకాయలమ్మే మనిషికి అడ్రసేంటక్కా, నువ్వు మరీను! ఇక పొలం ఆట. ఇది మీకోసమే చెప్తున్నా పెద్దమ్మా. ఆ ఇంటాయనకి వీరులపాడులో చేనుంది. పేటలో బటన్ నొక్కాడు, వీరులపాడులో ట్రాక్టరు కదిలింది. సీట్లో మనిషి లేడు. సాళ్లు చూస్తే దారం పట్టి గీసినట్టున్నాయి. ఊరు ఊరంతా గట్ల మీదకొచ్చి నిలబడ్డారు. ఆయనకి హుషారు ఆగక కోత బటన్ కాస్త గట్టిగా నొక్కాడు. అంతే! ఆయన చేనొక్కటే కాదు, మండలం మొత్తం పత్తి చెట్టు మీంచి విడిపోయి, గాల్లోకి లేచి, కొంగల గుంపులాగా వెళ్లి, ఎవరి పత్తి వాళ్ల ఇంటి ముందే వాలింది. ఒక్క దూది పింజ పక్కింటికి పోలా!"

"మరి పత్తి తీసే ఆడోళ్లు ఏమయ్యారు?" అంది అమ్మ.

ఖాసిం మొదటిసారి ఆగాడు. టీ కొట్టు రేకు వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు.

"వాళ్లా? వాళ్లకి తలా ఒక కంట్రోలర్ ఇచ్చా పెద్దమ్మా. గట్టు మీద చెట్టు నీడన కూర్చుని వాళ్లే నొక్కారు. నడుం వంచింది లేదు, గోరు విరిగింది లేదు."

అమ్మ నవ్వడం మొదలెట్టింది. పత్తికాయ మొనలు గీసుకుపోయిన తన వేళ్లు చూసుకుంటూ, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఆ బటన్ ఏదో మా రోజుల్లో ఉంటే ఎంత బాగుండేది" అంది. ఇద్దరూ కలిసి నవ్వుతుంటే నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే సంచి చెవి ఒకటి అప్పటికే ఖాసిం వైపు వాలింది. బాక్సు ఇచ్చేస్తే డిస్కు పోతుంది, డిస్కు పోతే అమ్మ పొలం పోతుంది. వద్దమ్మా అందామంటే ఆమె ముచ్చటగా వింటోంది.

"ఇంత పని చేయిస్తే బాక్సు కాలదా మాస్టారు? ట్రాక్టరు ఫ్యాను కూడా చాల్లా. పాలేరు నది నుంచి పైపులు లాక్కొచ్చా! నీళ్లు ఈ పక్క నుంచి లోపలికి పోవడం, ఆ పక్క నుంచి ఆవిరై రావడం. ఆ ఆవిరి పైకెళ్లింది, మబ్బు కట్టింది, మెల్లగా ఇటు కదిలింది. మొన్న నడి వేసవిలో నందిగామలో వాన పడిందా లేదా, మీరే చెప్పండి?"

"పడింది" అన్నా. నిజంగానే పడింది.

"అది నాదే. బయటివాళ్లకెవరికీ చెప్పలా, మళ్లీ వాన కురిపించమని వెంటపడతారని."

"ఆ వానకే గదరా నా కొట్టు రేకు ఎగిరిపోయింది! నువ్వేనా ఆ పని చేసింది?" అని ముంతాజ్ గారు టీ వడగట్టే జల్లెడ ఎత్తారు.

ఖాసిం ఆ దెబ్బ తప్పించుకుంటూనే రెండు చేతులూ చాచాడు. "ఇప్పుడు చెప్పండి పెద్దమ్మా, అంత చేసినోడికి మీ డిస్కు మార్చడం ఒక లెక్కా? ఇటివ్వండి."

అమ్మ సంచి పైకెత్తింది.

అప్పుడే ముంతాజ్ గారు స్కూటీ అమ్మాయికి టీ గ్లాసు అందించారు. తాగడానికి ఆ అమ్మాయి చున్నీ చుట్లు ఒక్కొక్కటే విప్పి మొహం బయటపెట్టింది. ఖాసిం ఆ మొహం చూశాడు. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి.

"నా పేరు సింధూర అండి" అంది మా అమ్మతో. "ఆ హంసల గేటు ఇల్లు మాదే. ఆ బాక్సు మా తమ్ముడిది."

సింధూర ఒక గుక్క టీ తాగింది.

"ఖాసిం అన్న రావడం నిజమే, బాగుచెయ్యడం కూడా నిజమే. చేసింది ఒక్కటే పని. దుమ్ము పడకుండా మా అమ్మ ఆ బాక్సుకి గుడ్డ గలీబు కుట్టి తొడిగింది. ఆడేటప్పుడు కూడా తియ్యనిచ్చేది కాదు. అన్న ఆ గలీబు ఊడదీసి, గాలాడక వేడెక్కి ఆగిపోతోందండీ, ఇది వేసి ఆడకండి అన్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు. స్క్రూడ్రైవరు సంచిలోంచి బయటికే రాలేదు."

"మరి కారం?" అన్నారు ముంతాజ్ గారు.

"గలీబు మీద కొంచెం ఉందండి. ఉతికేశాం."

ఖాసిం మెడ గోక్కున్నాడు. "అసలు రోగం కనిపెట్టడమే గదా చెల్లెమ్మా కష్టం" అన్నాడు నీరసంగా.

నేను అమ్మ వైపు చూశా. అమ్మ ఎవరి వైపూ చూడకుండా సంచిలో చెయ్యి పెట్టి బాక్సు తీసింది. పాత వాయిలు చీరతో కుట్టిన గులాబీ రంగు తొడుగు, అంచుకి కుచ్చులు, కింద బిగించి కట్టిన నాడాలు, వైర్లు రావడానికి మాత్రం చిన్న కంత. మిరపకాయల ఘాటు లోపలికి పోకూడదని తనే కుట్టింది. ఆ తొడుగుతోనే ఆడుతుంది. ఆ కుచ్చులు బాగున్నాయని మెచ్చుకున్నది కూడా నేనే. బళ్లో పిల్లలకి వేడి పాఠం చెప్పే మాస్టారిని, ఇంట్లో ఉన్న బాక్సుకి ఉక్కపోస్తోందని నాకు తట్టలేదు.

అందరూ ఒక్కసారి నవ్వేశారు. అమ్మ నాడాలు విప్పి, తొడుగు మడిచి నా చేతిలో పెట్టింది. "నవ్వితే నవ్వారు గానీ, ముందు ఆన్ చేసి చూడండి" అంది.

షాపులో ఖాసిం టీవీకి పెట్టాం. పొలం వచ్చింది. మొక్కజొన్న అట్టాగే నిలబడి ఉంది, ఆవులు అరుస్తున్నాయి. అమ్మ ట్రాక్టరెక్కి కోత మొదలెట్టింది. ఎప్పుడూ ఆగిపోయే సమయం వచ్చింది. ఆ సమయం దాటిపోయింది. సెంటర్లో విజయవాడ బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. సింధూర తన స్క్రీన్ గార్డు మాట మర్చిపోయి, మేత ఎటు పక్క వెయ్యాలో అమ్మనడుగుతోంది. చేను సగం కోశాక అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "నా చేను నాకుంది" అంది. నాకు ఆ పూట అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

గుమ్మంలో నిలబడ్డ ఖాసింకి మళ్లీ ప్రాణం లేచొచ్చింది.

"చూశారా మాస్టారు? ఈసారి బాక్సు మీద చెయ్యి కూడా వెయ్యలా. అయినా బాగైపోయింది!"

"నువ్వు చెయ్యి వెయ్యలేదు కాబట్టే బాగైందిరా" అన్నారు ముంతాజ్ గారు.