అన్న అడగని మాట

సూరత్‌లోని ఒక ఆసుపత్రి. మానసిక వైద్యురాలి గదిలోంచి మరదలు బావను వరండాలోకి లాక్కొచ్చింది. డాక్టరుకు తెలుగు రాదు, లోపల కూర్చున్న మరదలి మొగుడికి హిందీ సరిగా రాదు. ఇంతసేపూ ఇద్దరి మధ్యా మాట చేరవేసింది అతని అన్న అయిన ఈ బావే.

“బావా, డాక్టరమ్మ ఏమడగమంది? నువ్వేమడిగినవ్?”

“గామె చెప్పిందే అడిగిన.”

“అబద్ధం! సచ్చిపోవాలనిపిస్తుందా అని అడగమంది. నువ్వు అన్నం సయిస్తుందారా అన్నవ్. నేనీడ పుట్టి పెరిగిన, నాకు హిందీ రాదా?”

“జర మెల్లగ. తోడబుట్టినోణ్ణి గా మాట ఎట్లడుగుత? లేని ఆలోచన పుట్టిచ్చినట్టయితది.”

“లేదా? కొత్త ఫోను, బట్ట నేసే సాంచెల కాడ దోస్తుకు ఇచ్చేసిండు. నన్ను అమ్రోలిల మా అమ్మ దగ్గరికి పొమ్మంటున్నడు. ఇంకేం కావాలె నీకు?”

“వాడు లేదనే అన్నడు గద!”

“అన్నం సయిస్తలేదన్నడు! నువ్వు గా మాట పట్కపోయి డాక్టరమ్మకు ‘నహీ’ అని చెప్పినవ్. ఫికర్ లేదనుకొని ఇంటికి పంపుతది గామె!”

“ఇప్పుడేం జెయ్యాలంటవ్?”

“పోయి నేనే చెప్త. పెద్దోడివని ఇంతసేపు నోరు మూసుకున్న.”

“చెప్పాలంటే ముందు వాణ్ణి అడగాలె గద. నువ్వడిగితే వాని మనసు ఇరుగుతదమ్మా.”

“పొద్దుగాలనే అడిగిన బావా. అవునని ఏడ్చిండు. అన్నకు మాత్రం చెప్పకు, తట్టుకోలేడు అన్నడు.”