విడిగా పెట్టిన చెంచా

లాస్ ఏంజెలెస్‌లోని కొరియా పేటలో మాల్సుక్‌ది వండిన కూరలమ్మే కొట్టు. మధ్యాహ్నపు రద్దీ తగ్గాక ఆమె వెనక వంటగదిలో క్యాబేజీతో ఊరబెట్టే కిమ్చీ పచ్చడికి కారం పట్టిస్తోంది. చెల్లెలు కిరాన్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"లోపలికి రాకు కిరాన్. చెప్పేదేదో అక్కణ్ణుంచే చెప్పు."

"నేను పదేళ్లు వండిన వంటగది ఇది అక్కా."

"కాదన్నానా? ఇప్పుడొద్దు, అంతే. ముందు గదిలో జనం ఉన్నారు, మెల్లిగా మాట్లాడు."

"ఎవరూ లేరు, చూసే వచ్చాను. నిన్న చర్చిలో భోజనాలప్పుడు అందరికీ పింగాణీ గిన్నెలు, నాకొక్కదానికే కాగితం గిన్నె. చెంచా కూడా విడిగా, బల్ల చివర. నేను పట్టుకెళ్లిన కిమ్చీకి మూతైనా తియ్యలేదు."

"ఏదో తొందర్లో..."

"పాస్టరు గారి భార్య ప్రార్థనలో నా చెయ్యి పట్టుకోలేదు. అదీ తొందరేనా? ఎవరు చెప్పారు వాళ్లకి?"

"నాకేం తెలుసు?"

"హెపటైటిస్ బి అని నేను ఒక్క నీకే చెప్పాను. ఒక్క నీకే! మా ఆయనక్కూడా నీ తర్వాతే చెప్పాను."

"అడిగారు మరి. కిరాన్ కొట్లో కనబడ్డం లేదేమని అడిగారు. ఏం చెయ్యమంటావ్? చర్చిలో కూర్చుని అబద్ధాలాడనా?"

"కనబడకుండా చేసింది నువ్వే కదా!"

"లివర్ జబ్బున్న మనిషి చేత్తో కలిపింది ఎవరు కొంటారే? ఒక్క గిన్నెలో పులుసు పెట్టుకుని అందరం చెంచాలు ముంచే మనుషులం. మా ఇన్హో రోజూ ఇక్కడే తింటాడు. కన్నకొడుకు వాడు. వాడికి అంటుకుంటే?"

"అంటుకోదు. ఎన్నిసార్లు చెప్పాలి? తిండితో రాదు, చెంచాతో రాదు. రక్తంతో వస్తుంది. కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. నాకు అమ్మ నుంచే వచ్చుంటుందన్నాడు డాక్టరు."

"పోయిన మనిషిని ఎందుకు లాగుతావ్?"

"లాగట్లేదు. ఆవిడకీ తెలీదు పాపం. నువ్వు కూడా ఒక్కసారి పరీక్ష..."

"నాకేం రోగం? నేను బాగానే ఉన్నాను."

"నేనూ బాగానే ఉన్నాననుకున్నాను. నొప్పి లేదు, జ్వరం లేదు. తాగేవాళ్లకే లివర్ పాడవుతుందనుకున్నాను. నేను చుక్క ముట్టిందాన్ని కాదు. ఇప్పుడు గడ్డ ఉందంటున్నారు."

"గడ్డా? జబ్బు సంగతి చెప్పినప్పుడు అనలేదే!"

"అప్పటికి తెలీదు. శుక్రవారం చెప్పారు. వచ్చే నెల ఆపరేషన్."

"అయ్యో... కిరాన్..."

"పదేళ్ల ముందు తెలిసుంటే ఇంతవరకూ వచ్చేది కాదేమో అన్నాడు డాక్టరు. ఇంట్లో ఒకరికి ఉందంటే తోబుట్టువులందరూ చూపించుకోవాలట. మీవాళ్లెవరూ చెప్పలేదా అని అడిగాడు. మా ఇంట్లో ఎవరికీ తెలీదండీ అన్నాను. తెలిస్తే మా అక్క చెప్పకుండా ఉంటుందా అన్నాను."

మాల్సుక్ కళ్లు తుడుచుకోబోయింది.

"ఏంటి, ఏడుస్తున్నావా? కారం చేత్తో కళ్లు తుడుచుకోకు."

"మందు... మందిచ్చాడా?"

"ఇచ్చాడు. రోజుకొక మాత్ర. ఎన్నాళ్లో తెలీదు."

"ఖాళీ కడుపున వేసుకో. తిన్నాక రెండు గంటలు ఆగు, వేసుకున్నాక ఇంకో రెండు గంటలు ఏమీ ముట్టకు. పడుకునే ముందైతే సులువు. బాగానే ఉంది కదా అని మధ్యలో మానెయ్యకు. మానేస్తే లివర్ ఒక్కసారిగా వాచిపోతుంది. ఊరికెళ్తే రెండు రోజులవి ఎక్కువే పెట్టుకో..."

"మాత్ర పేరైనా చెప్పలేదు నేను."

"ఎక్కడో... ఎవరో అంటుంటే విన్నాను."

"ఎవరు?"

"గుర్తులేదు."

"అక్కా, ఇటు చూడు. ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నావ్?"

"తలుపు వెయ్యి కిరాన్, ఎవరైనా వస్తారు..."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇన్హో పుట్టినప్పట్నుంచి. పద్దెనిమిదేళ్లు."