నూట ఎనిమిది ప్రదక్షిణలు

రాజమహేంద్రవరం, 1986. ఆదివారం మధ్యాహ్నం జోగేశ్వరరావు ఇంటి వంటగది. భార్య మీనాకుమారి, తల్లి, తండ్రి అక్కడే ఉన్నారు.

“నా చేతిలో తప్పేం లేదురా జోగీ. అన్నం పొయ్యి మీద పెట్టి, తులసికోట చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసొచ్చి దించాను. ముప్పై ఏళ్ళుగా అంతే.”

“ముప్పై ఏళ్ళూ ఊకపొయ్యి మీదమ్మా! ఇది గ్యాసు. పొయ్యి మారితే లెక్క మారదూ? ఈ మాత్రం చిన్నపిల్లకి తెలుస్తుంది. ఇది అన్నమా, బొగ్గా?”

“చూశావా మీనా, పొయ్యి కొనిపించింది నువ్వు, తిట్లు నాకు.”

“ఆయనన్నది నిజమేనండి అత్తయ్యగారూ. పొయ్యి మారితే లెక్క మారాలి. మంగళవారం ఆఫీసులో నేనూ అదే చెప్పాను ఆయనకి.”

“అదిగో, మొదలెట్టింది! ఆఫీసు గోల వంటింట్లోకి తేకు.”

“నువ్వాగరా. ఏం గోల మీనా?”

“మా ఇద్దరి ఫ్యాక్టరీలో కంప్యూటర్ మార్చారు కదండీ. ఉన్నది ఒక్క మిషనే, కానీ దాని లోపల మూడు మిషన్లున్నట్టు నడుస్తుంది. హాజరుకొకటి, స్టోర్సుకొకటి, లారీలకొకటి. లేవగానే ఒక్కొక్కటీ ‘నాకెంత చోటు, నా ప్రింటరెక్కడ’ అని అడుగుతుంది. జవాబులు కార్డుల మీద చిల్లులు కొట్టి ఇవ్వాలి.”

“మా జోగి లేవగానే తువ్వాలేదీ, కాఫీ ఏదీ అని అరిచినట్టు.”

“అచ్చం అంతేనండి. పాత మిషను కార్డులే ఈయన కొత్తదానికీ పెట్టారు. పాతదాంట్లో ప్రింటరు పద్నాలుగో నంబరు. కొత్తదాంట్లో ఆ నంబరు మీద ఏమీ లేదు. మూడూ లేవలేదు.”

“నాలుగేళ్ళు పనిచేసిన కార్డులవి! మిషనే దండగది.”

“నా నూట ఎనిమిదీ ముప్పై ఏళ్ళు పనిచేశాయిరా.”

“అమ్మా, నువ్వూరుకో. పాలకొల్లులో టైపు నేర్చుకుని కార్డులకి చిల్లులు కొట్టే మనిషి నాకు పాఠాలు చెప్తుందా? ఆ గదికి ఇంచార్జిని నేను!”

“రేపటికి అవి లేవకపోతే ఆ ఇంచార్జి ఊడుతుందన్నావు కదరా? పోనీ, అమ్మాయి చెప్పిందేంటో వినకూడదూ?”

“ఏముంది నాన్నా! ముందు కార్డులే ‘నేను ఏ మిషను మీదున్నాను’ అని అడగాలట. ఏ మిషను జవాబుల చీటీ ఆ మిషనుకి విడిగా ఉంచాలట. పొద్దుపోని ఆలోచన! అలా కొట్టుకొచ్చిన కార్డులు చెత్తబుట్టలో పడేశాను.”

“తీశానండి.”

“ఏంటీ?”

“బుట్టలోంచి తీశాను. నిన్న మీరు భోజనానికి వెళ్ళాక మేనేజరుగారి ఎదురుగా పెట్టి చూపించాను. మూడూ లేచాయి.”

“నిన్ననా? మరి నన్ను... నన్నెందుకు పిలవలేదు?”

“ప్యూనుని పంపించారు. మీరు మ్యాట్నీకి వెళ్ళారని చెప్పాడు.”

“అదీ... తల నొప్పిగా ఉండి... సరే, మేనేజరుగారేమన్నారు?”

“మావయ్యగారూ, అత్తయ్యగారూ, ఇది మీక్కూడా చెప్పాలి. ఇంచార్జిగా నన్నుండమన్నారు. ఆలోచించి చెప్పమన్నారు గానీ, నేను అక్కడే సంతకం పెట్టేశాను. రేపట్నించి ఆ గది తాళం నేనే తియ్యాలి, ఏడింటికల్లా బయల్దేరతాను. ఏమండీ, ఈ పొయ్యికి అరవై ప్రదక్షిణలు చాలు. రేపు అన్నం మీరే దించండి.”