గుమ్మం ముందు ఎలుగు

అరకు దాటాక కొండ మీద, గుహలో ఉన్న పాత జైన గుడి అది. విశాఖ నుంచి దర్శనానికొచ్చిన చంద్రకళ తీర్థంకరుడి ముందు కళ్లు మూసుకుని కూర్చుంది. దారి చూపడానికి కింది ఊరి నుంచి వెంట వచ్చిన స్వర్ణ గొడ్డలితో గుమ్మం దగ్గర నిలబడింది.

“అమ్మా, కదలకండి. ఎలుగొచ్చింది.”

“ఎక్కడ?”

“గుమ్మం ముందే. పక్కన దాని పిల్ల కూడా ఉంది. పిల్ల ఉన్న ఎలుగు ఊరుకోదమ్మా, మీద పడిపోద్ది.”

“బయటికి ఇంకో దారి లేదా?”

“ఇదొక్కటే. నా ఎనక్కి రండి.”

“స్వర్ణా, ఇటే వస్తోంది!”

“అరవకండి. ఇంకొక్క అడుగేస్తే నరికేత్తాను.”

చంద్రకళ గొడ్డలి ఉన్న ఆ చేతిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఎలుగు కాసేపు గాలి వాసన పట్టింది. తర్వాత పిల్లను ముందుకు తోసుకుంటూ తుప్పల్లోకి వెళ్లిపోయింది.

“బతికిపోనాం. మీ దేవుడి ముందు రగతం పడకూడదని నా సెయ్యి ఆపేసినారు కదా. అంత గుండె మాకెక్కడిదమ్మా!”

చంద్రకళ ఆ చేతిని ఇంకా వదల్లేదు.

“కాదు స్వర్ణా. నరికెయ్యమనే చెప్పబోయాను. నోరు పెగల్లేదు. భయంతో చేతికందింది పట్టుకున్నాను.”

“నా సెయ్యి కూడా అప్పటికే లేవట్లేదమ్మా. బేగి దిగుదాం, పదండి.”